శనక్కాయలకు కాళ్లొచ్చిన రోజు

కడప జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖాధికారి గారికి,

నేను మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఫోటో స్టూడియో నడుపుకుంటున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు, పెండ్లి ఆల్బములు, నామకరణాలు, ఇవే నా జీవనం. గుర్తింపు కార్డుల ఫోటోల కోసం ఏడాదికోసారి మీ పాఠశాలల్లోకి వస్తుంటాను. వరుసలో నిలబడి తమ వంతు కోసం చూసే ఆ పిల్లల ముఖాలు నాకు బాగా తెలుసు. వాళ్ల తరఫున ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో తల్లిదండ్రులు చేయవలసిన పని కూడా కొంత ఉంది, అందుకే నలుగురూ చదివేలా బహిరంగంగా రాస్తున్నాను.

నేను అడిగేది చిన్నదే. శనివారాల్లో మన బడిపిల్లలకు పది నిమిషాల స్టాప్ మోషన్ బొమ్మల చిత్రం ఒకటి చూపించండి. కొన్ని వారాలు చూశాక వాళ్ల చేత అలాంటిదే అర నిమిషం చిత్రం తీయించండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

ఆమధ్య వేసవి సెలవుల్లో మూఢం పడింది. ముహూర్తాలు లేవు, అందువల్ల నాకు ఆర్డర్లూ లేవు. ప్రొద్దుటూరు నుంచి మా చెల్లెలు తన ఆరేండ్ల కొడుకును పిలుచుకొని మా ఇంటికి వచ్చింది. వాడు ఫోను ముందర పెట్టందే ముద్ద మింగడు. తెరమీద ఏదో ఒకటి గబగబా మారుతూ ఉండాలి. ఏం చూశావురా అని అడిగితే చెప్పలేడు. ఒక మధ్యాహ్నం వాణ్ని స్టూడియోకి తీసుకుపోయి, ఆల్బములు డిజైన్ చేసే పెద్ద మానిటర్ మీద పాత రష్యన్ చిత్రం ఒకటి పెట్టాను. 1967లో రోమన్ కచానోవ్ తీసిన ‘వారెష్కా’ అది. ఉన్నితో అల్లిన చేతి తొడుగు అని ఆ పేరుకు అర్థం. పది నిమిషాల చిత్రం, అందులో మాటలు లేవు. కుక్కపిల్లను పెంచుకోవాలని ఒక పాపకు ఆశ. వాళ్లమ్మ ఒప్పుకోదు. పాప తన ఎర్ర తొడుగునే కుక్కపిల్ల అనుకొని వెంట లాక్కుంటూ తిరుగుతుంది. కాసేపటికి ఆ తొడుగుకు కాళ్లూ తోకా వచ్చి నిజంగానే పాప చుట్టూ గెంతుతుంది. చివర్లో పాప ఆ తొడుగు ముందు పాలు పెట్టడం తల్లి కంట పడుతుంది.

మన ఎండల్లో పెరిగే పిల్లోడికి ఉన్ని తొడుగు సంగతి ఎట్లా తెలుస్తుంది? వాడు దాన్ని సాక్సు అనుకున్నాడు. అయినా కథ వాడికి ఎక్కడా తెగలేదు. చేతిలో మామిడిముక్క చేతిలోనే ఉండిపోయింది. చిత్రం అయిపోయాక వాడు అడిగిన మొదటి మాట ఇది:

“మామా, ఆ కుక్కపిల్లను కదిలిస్తాండేది ఎవరు?”

అప్పటికి వాడు ఫోనులో ఎన్ని వందల బొమ్మలు చూసి ఉంటాడో లెక్కలేదు. వాటిని ఎవరు కదిలిస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఫోనులో నీళ్లలాగా బొమ్మలు వాటంతట అవే పారుతుంటాయని వాడి లెక్క. ఇక్కడ అట్లా అనుకోలేకపోయాడు. ఎందుకంటే తెరమీద ఉన్నది నిజమైన ఉన్ని. దాని పోగులు కనిపిస్తున్నాయి, దాని నీడ నేలమీద పడుతోంది. ఉన్ని తనంతట తాను గెంతదని ఆరేండ్ల పిల్లోడికి కూడా తెలుసు. గెంతిందంటే దాని వెనక ఎవరో ఉండాలి. ఆ ‘ఎవరో’ను వాడు వెతుక్కున్నాడు. మన జిల్లాలో ప్రతి పిల్లకూ పిల్లోడికీ ఈ ప్రశ్న రావాలన్నదే నా కోరిక.

స్టాప్ మోషన్ కిటుకు తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. బొమ్మను నిలబెట్టి ఒక ఫోటో తీస్తారు. వెంట్రుకవాసి కదిపి ఇంకొకటి తీస్తారు. అట్లా తీసిన ఫోటోలను వరుసగా వేగంగా చూపిస్తే బొమ్మ నడుస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. చాలామంది 12 ఫోటోలే తీసి, ఒక్కొక్కటి రెండుసార్లు వాడతారు. ఆ లెక్కన కూడా నిమిషం చిత్రానికి 720 ఫోటోలు కావాలి. మట్టి, గుడ్డ, కాగితం, ఇసుక, పప్పుగింజలు, చివరికి మనుషులు కూడా ఇందులో బొమ్మలు కావచ్చు.

మరుసటి రోజే మేమూ మొదలుపెట్టాం. బొమ్మలేవీ కొనలేదు. ఇంట్లో విత్తనానికి ఎత్తిపెట్టిన శనక్కాయల మూట ఉంది. ట్రైపాడ్‌కు ఫోను బిగించి, స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్‌ను ఉచితంగా దొరికే రూపంలో దించుకున్నాను. వాడు కాయల్ని గోరంత జరపాలి, చెయ్యి తీసెయ్యాలి, నేను నొక్కాలి. ఇరవై ఫోటోలు తీసేసరికే కిటికీ వెలుతురుతో పని జరగదని తెలిసిపోయింది. ఒక ఫోటోకు మబ్బు కమ్ముతుంది, ఇంకో ఫోటోకు ఎండ జరుగుతుంది, కలిపి చూస్తే బొమ్మ మినుకు మినుకుమంటుంది. ట్యూబులైటు కిందా అదే తంటా. కిటికీలకు దుప్పట్లు కట్టి, స్టూడియో ఎల్‌ఈడీ లైటు ఒకటి పెట్టి, ఫోను తనంతట తాను వెలుతురు మార్చకుండా లాక్ చేసి మళ్లీ మొదటి నుంచి వచ్చాం. దీపాలు పెట్టే వేళకు 240 ఫోటోలయ్యాయి. సరిగ్గా 20 సెకన్ల సినిమా. శనక్కాయలు మూటలోంచి ఒక్కొక్కటే దిగి, బల్లంతా నడిచి, చేటలోకి ఎక్కి కూర్చుంటాయి.

రాత్రి అన్నాలయ్యాక వాడు వాళ్లవ్వకు చూపించాడు. మా అమ్మ జీవితమంతా శనక్కాయలు పెరికి, ఒలిచి, ఎండబెట్టిన మనిషి. “శనక్కాయలకు కాళ్లొచ్చినాయి గదరా!” అని నోటిమీద చెయ్యేసుకుంది. మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటూ ఏడెనిమిదిసార్లు చూసింది. ఒకచోట పిల్లోడి బొటనవేలు ఫోటోలో పడిపోయింది. రెప్పపాటు కనిపించి పోతుంది. తీసేద్దామా అని అడిగాను. “ఉండనీ మామా, అది నా వేలు” అన్నాడు. ఆ పూట వాడు ఫోను లేకుండానే తిన్నాడు. చెప్పుకోవడానికి వాడి దగ్గర అంత సంగతి ఉంది మరి.

ఆ వేలి గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఇంగ్లండులో నిక్ పార్క్ అనే ఆయన సినిమా బడిలో చదువుకుంటూ 1982లో వాలెస్ అనే మట్టిమనిషి, గ్రోమిట్ అనే కుక్కతో ఒక చిత్రం మొదలుపెట్టాడు. అది 1989కి గానీ పూర్తికాలేదు. నిడివి 23 నిమిషాలు. ఆ తర్వాత బ్రిస్టల్ నగరంలోని ఆర్డ్‌మన్ స్టూడియోలో 1993లో తీసిన ‘ద రాంగ్ ట్రౌజర్స్’కు ఆస్కార్ వచ్చింది. అందులో దొంగ ఒక పెంగ్విన్. దానికి నోరు కదలదు, మాట రాదు, కళ్లు రెండు నల్ల పూసలు. తల కొద్దిగా తిరిగితే చాలు, చూసేవాళ్ల గుండె జల్లుమంటుంది. ఆ తొలి చిత్రాల్లో జాగ్రత్తగా చూస్తే వాలెస్ ముఖం మీద వేలిముద్రలు కనిపిస్తాయి. మా వాడి బొటనవేలిలాగే వాటినీ ఎవరూ తీసెయ్యలేదు. ఈ చిత్రాలు చూసే పిల్లకు ఆనందంతోపాటు ఒక ధైర్యం కూడా కలుగుతుంది: దీన్ని చేసింది ఒక చెయ్యి, నాకూ రెండున్నాయి కదా అని.

మన పిల్లలకు ఏవి చూపించవచ్చో నేను చూసినవాటిలోంచి కొన్ని చెబుతాను. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు 1977లో కో హోడెమన్ చేత ‘ఇసుక కోట’ అనే చిత్రం తీయించింది. 13 నిమిషాలు. ఇసుకలోంచి వింత జీవులు ఒక్కొక్కటే లేచి, అన్నీ కలిసి కోట కట్టుకుంటాయి. గాలి వచ్చి అంతా కప్పేస్తుంది. దీనికి ఆస్కార్ వచ్చింది. పెన్నలో ఇసుకగూళ్లు కట్టి, సాయంత్రం వాటిని అక్కడే వదిలేసి ఇంటికొచ్చిన పిల్లలకు దీన్ని విడమర్చి చెప్పే పనిలేదు. అదే సంస్థలో నార్మన్ మెక్‌లారెన్, క్లాడ్ జుత్రా కలిసి 1957లో ‘ఎ చెయిరీ టేల్’ తీశారు. ఒక మనిషి కుర్చీలో కూర్చోబోతాడు, కుర్చీ కూర్చోనివ్వదు. పెనుగులాడి, బతిమాలి, అలిగి, చివరికి ఆ కుర్చీకి ఏం కావాలో తెలుసుకుంటాడు. ఆ పది నిమిషాల చిత్రానికి సంగీతం మన పండిట్ రవిశంకర్‌ది. తరగతి గదిలో కుర్చీ అంటే ఏమిటో, దానిమీద కూర్చునేవాళ్లెవరో, నిలబడేవాళ్లెవరో పిల్లలకు తెలుసు. ఈ చిత్రం అయ్యాక వాళ్లు మాట్లాడే మాటలు వినాలని నాకు ఆశ.

అమెరికాలో పెస్ అనే పేరుతో చిత్రాలు తీసే ఆయన 2008లో ‘వెస్టర్న్ స్పగెటీ’ అనే వంట చిత్రం తీశాడు. అందులో వంట సరుకుల బదులు ఇంట్లో ఉండే మామూలు వస్తువులు వాడాడు. గిన్నెలో మరిగే నీళ్ల బుడగలు గాజుసామాను చుట్టే బుడగల ప్లాస్టిక్ కవరు. అది చూసిన పిల్లలు ఇంటికిపోయి వంటింటిని కొత్తగా చూస్తారు. ఇక గొర్రెల మందలు తెలిసిన మన పల్లెపిల్లలకు ఆర్డ్‌మన్ వాళ్ల ‘షాన్ ద షీప్’ పెడితే చాలు. 2007లో మొదలైన ఆ ధారావాహికలో ఒక్కో కథ ఏడు నిమిషాలు. రైతు, కుక్క, మంద, ఆ మందలో ఒక తెలివైన గొర్రె. మాటలుండవు. స్విట్జర్లాండులో పుట్టిన ‘పింగు’ అనే పెంగ్విన్ పిల్ల మాట్లాడుతుంది గానీ అది ఏ దేశపు భాషా కాదు. ఏడుపు, అలక, సంబరం అన్నీ ఆ గొంతు ఎగుడుదిగుళ్లలోనే తెలిసిపోతాయి.

మన దేశపు చిత్రం కూడా ఒకటుంది. సురేష్ ఎరియాట్ తన ఈక్సారస్ స్టూడియోలో ఏండ్ల తరబడి కూర్చి తీసిన ‘టోక్రీ’. తండ్రి ప్రాణంగా చూసుకునే గడియారం కూతురి చేతిలో పొరపాటున పాడవుతుంది. దాన్ని బాగు చేయించడానికి ఆ పిల్ల బుట్టలు అమ్మడానికి బయలుదేరుతుంది. మట్టిబొమ్మ కళ్లలో అంత భయం, అంత ప్రేమ ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రెండు వేల సంవత్సరం తర్వాత టీవీలో వచ్చిన అమరాన్ బ్యాటరీల ప్రకటనలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ మట్టిబొమ్మల ప్రకటనల వెనకున్నదీ ఈయనే. ఆ బ్యాటరీలు మన తిరుపతి దగ్గర తయారయ్యేవి. అంటే ఈ కళ మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చింది, మనం పేరు తెలియక పలకరించలేదు.

ఈ చిత్రాల్లో చాలావాటికి మాటలు లేవని చెబుతూ వస్తున్నాను. అది మన జిల్లాకు పెద్ద వరం. తెలుగు మాధ్యమం పిల్లలు, ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు, ఉర్దూ మాధ్యమం పిల్లలు ఒకే తెర ముందు కూర్చుని ఒకే క్షణంలో నవ్వగలిగే చిత్రాలివి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలకు వచ్చేవాళ్లలో చెవులు వినపడని పిల్లలున్నారు. వాళ్లకు ఎవరూ పక్కన కూర్చుని వివరించనక్కరలేదు. చదువురాని అవ్వ, మూడో తరగతి మనవరాలు ఇద్దరూ సమానంగా ప్రేక్షకులయ్యే సినిమా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇది ఎక్కడో చలిదేశాల కళ, మనకెందుకు అని ఎవరైనా అంటే వాళ్లకు మన చరిత్రే జవాబు చెబుతుంది. దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’కు ముందు, 1912 ప్రాంతంలో, బఠానీ గింజ మొలకెత్తడాన్ని ఒక్కొక్క ఫ్రేముగా తీసి చూపించాడు. గింజ తెరమీద మొక్క కావడం చూశాకే ఆయన పెద్ద సినిమాకు అప్పు పుట్టింది. 1915లో అగ్గిపుల్లల్ని ఆడించి ఇంకో చిత్రం తీశాడు. అంటే భారతీయ సినిమా తొలి అడుగుల్లోనే ఈ కిటుకు ఉంది. ఆ ఫాల్కే పేరున ఇచ్చే దేశపు అత్యున్నత సినిమా పురస్కారం మన జిల్లాలోని ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరికి వచ్చింది. పులివెందుల దగ్గరి కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్. రెడ్డికి 1974 సంవత్సరానికి, ఆయన తమ్ముడు, పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డికి 1986 సంవత్సరానికి.

నాగిరెడ్డి, ఆయన మిత్రుడు చక్రపాణి కలిసి 1947 జూలైలో పిల్లల పత్రిక ‘చందమామ’ మొదలుపెట్టారు. శంకర్, చిత్రా, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలు చూస్తూ దేశమంతా కొన్ని తరాల పిల్లలు చదవడం నేర్చుకున్నారు. ఆ ఇద్దరి విజయా సంస్థలోనే తాడిపత్రివాడైన కె.వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లే కెమెరాతో, 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోవడం చూసి నవ్వని తెలుగు బిడ్డ లేడు. కెమెరా ఆపి, వస్తువు మార్చి, మళ్లీ నడిపే ఉపాయం మన పౌరాణిక, జానపద చిత్రాలకు ఓనమాలు. స్టాప్ మోషన్ ఆ ఉపాయానికి తోబుట్టువు. పిల్లల కోసం అంత పని చేసిన మనుషులు పుట్టిన నేల మీద పిల్లలకు పది నిమిషాలు మంచి సినిమా చూపించమని అడగడం వింత కోరిక కాదనుకుంటాను.

ఇంకాస్త వెనక్కి పోతే తోలుబొమ్మలున్నాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ కళను నిలబెట్టిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు మీద బొమ్మ గీసి, మోచేయి దగ్గర, మోకాలి దగ్గర విడిగా కోసి, కీళ్లు కట్టి, తెల్లని తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. జర్మనీలో లోటే రైనిగర్ నల్ల అట్టను కత్తిరించి, అట్లాగే కీళ్లు కట్టి, కింద దీపమున్న గాజుపలక మీద పడుకోబెట్టి, ఒక్కొక్క ఫ్రేము చొప్పున తీసింది. 1926లో వచ్చిన ఆమె ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ నేటికి మిగిలిన పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికంటే పాతది. మన తోలుబొమ్మ చూసిన కళ్లకు ఆ చిత్రం పరాయిది అనిపించదు.

ఇక మిమ్మల్ని అడగదలచినవి చెబుతాను.

మొదటిది చూపించడం. నాడు–నేడు పథకం కింద హైస్కూళ్ల తరగతి గదుల్లోకి పెద్ద డిజిటల్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలల్లోకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెర కోసం వెతుక్కునే పనిలేదు. శనివారాన్ని బ్యాగు లేని రోజుగా పాటిస్తున్నారు కాబట్టి వేళ కోసం వెతుక్కునే పనీ లేదు. పది నిమిషాల చిత్రం, ఆపైన ఇరవై నిమిషాల మాట. టీచరు ప్రశ్నపత్రం ఇవ్వవద్దు, నీతి ఏమిటని అడగవద్దు. ‘ఏది బాగుంది? దాన్ని ఎట్లా తీసి ఉంటారు?’ అని రెండు ప్రశ్నలు చాలు. కెనడా ఫిల్మ్ బోర్డు చిత్రాలు వాళ్ల వెబ్‌సైటులోనే ఉచితంగా చూడవచ్చు. బడుల్లో ప్రదర్శించడానికి అనుమతి కావాల్సినచోట మీ కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వెళితే దానికుండే బరువే వేరు.

రెండోది తీయించడం. బడికొక ఫోను స్టాండు, ఒక ఎల్‌ఈడీ లైటు, టీచరు ఫోను ఉంటే సరిపోతుంది. అయిదుగురు పిల్లలు ఒక జట్టు. ఒకరు బొమ్మను జరుపుతారు, ఒకరు ఫోటో నొక్కుతారు, ఒకరు వెలుతురు చూస్తారు, ఒకరు లెక్క రాస్తారు, ఒకరు నీడ పడకుండా అందరినీ వెనక్కి జరుపుతారు. అర నిమిషానికి 360 ఫోటోలు, రెండు మూడు శనివారాల పని. ముడిసరుకు మన చుట్టూనే ఉంది. మైదుకూరు పిల్లలు పసుపుకొమ్ములతో, ఉల్లిగడ్డలతో తీస్తారు. ఉల్లిగడ్డ పొర ఒక్కొక్కటే విప్పుకోవడం ఎంత పెద్ద నాటకమో ఒకసారి ఊహించండి. జమ్మలమడుగు పిల్లలు నాపరాతి ముక్కలతో గండికోట కడతారు. మగ్గాల ఇళ్ల పిల్లలు దారపు కండెలను నడిపిస్తారు. పులివెందుల పిల్లలకు అరటి డొప్పలు, చీనీకాయలు. ప్రొద్దుటూరు పిల్లలకు గుడ్డల అంగళ్లలో మిగిలే పేలికలు. సైన్సు టీచరు తడిగుడ్డలో శనగ విత్తనం పెట్టి గంటకొక ఫోటో తీయిస్తే ఫాల్కే చేసిన పనే మన బడిలో మళ్లీ జరుగుతుంది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ శిల్పం, చిత్రకళ నేర్చుకునే విద్యార్థులు నెలకొక బడికి వచ్చి ఒక పూట కూర్చుంటే పిల్లలకూ మేలు, వాళ్లకూ మేలు.

మూడోది అందరూ కలిసి చూడడం. నవంబరు 14న బాలల దినోత్సవం, అదే రోజు గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆ వారంలో ఒక సాయంత్రం మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గ్రంథాలయాల్లో తెల్లగోడ మీద పిల్లలు తీసిన చిత్రాలు వేయండి. మధ్యలో ‘వారెష్కా’నో ‘ఇసుక కోట’నో వేయండి. అమ్మానాన్నలు, అవ్వాతాతలు వస్తారు. తమ బిడ్డ చేత్తో జరిపిన పసుపుకొమ్ము గోడమీద నడుస్తుంటే చూడడానికి పొలం పని ముగించుకొని రాని తండ్రి ఉండడు.

కొందరికి సందేహాలుంటాయని తెలుసు. ఫోన్లు తగ్గించమని చెబుతూనే మళ్లీ తెర చూపించమంటారా అని ఒక తల్లి నన్ను అడిగింది. ఆమె భయం నిజమైనదే. నేను చెప్పిన జవాబు ఇది: ఒంటరిగా, ఆగకుండా, ఎవరు చేశారో తెలియకుండా చూడడం వేరు. పదిమందితో కూర్చుని, పది నిమిషాలకు ఆపి, ఎట్లా చేశారో మాట్లాడుకోవడం వేరు. రెండోది అలవాటైన పిల్ల మొదటిదాన్ని తనకు తానే ప్రశ్నిస్తుంది. చదువు దెబ్బతింటుందా అని ఇంకొకరు అడిగారు. 240 ఫోటోలను 12తో భాగిస్తే ఎన్ని సెకన్లో మా మేనల్లుడు వేళ్లమీద లెక్కేయడానికి ప్రయత్నించాడు. వాడికి భాగహారం ఇంకా ఎవరూ చెప్పలేదు. తనకు కావలసి వచ్చింది కాబట్టి వాడే దానికి ఎదురు వెళ్లాడు.

ఓపిక సంగతి కూడా చెప్పాలి. మా ఫోటోల పని ఇప్పుడు చాలా వేగమైంది. పెండ్లిలో వేల ఫోటోలు తీస్తాం, ఆల్బములోకి ఎక్కేవి కొన్నే. శనక్కాయల సినిమాలో, లైటు పెట్టి మళ్లీ మొదలుపెట్టాక, తీసిన ప్రతి ఫోటో పనికొచ్చింది. ఒక్క కాయ పక్కకు దొర్లితే ఆగి, పాత ఫోటో చూసి, సరిగ్గా అక్కడే పెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆరేండ్ల పిల్లోడు అట్లా నాలుగు గంటలు నిలబడ్డాడు. వాణ్ని ఎవరూ కూర్చోమనలేదు, బెదిరించలేదు. పిల్లలకు నిలకడ లేదని మనం రోజూ అంటుంటాం. వాళ్ల చేతికి తగిన పని ఇచ్చి చూశామా అని ఆ రోజు నుంచి నన్ను నేను అడుగుతున్నాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈ చిత్రాలు పిల్లలకు పెట్టి మీరు వంటింట్లోకో, వాకిట్లోకో వెళ్లిపోకండి. పది నిమిషాలే కాబట్టి పక్కన కూర్చోండి. పిల్లలు నవ్వినచోట మీకూ నవ్వు వస్తుంది. వాళ్లు ‘ఎట్లా చేసినారు’ అని అడిగితే తెలియదని చెప్పినా పర్వాలేదు, ‘మనం చేసి చూద్దామా’ అని ఒక మాట కలపండి.

విద్యాశాఖాధికారి గారూ, అడగడం మాత్రమే చేసి చేతులు కట్టుకొని కూర్చోను. మూఢాల్లో, ఆషాఢంలో నాకు ముహూర్తాల పని ఉండదు. ఆ రోజుల్లో మైదుకూరు మండలంలో మీరు చెప్పిన ఏ బడికైనా నా ట్రైపాడ్, నా లైటు పట్టుకొని సొంత ఖర్చుతో వస్తాను. టీచర్లకు ఒక పూటలో నేర్పగలను. పులివెందులలో, జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో నాలాంటి స్టూడియోవాళ్లు చాలామంది ఉన్నారు. మీ నుంచి ఒక పిలుపు వస్తే వాళ్లూ కాదనరని నా నమ్మకం.

మొన్న దసరా సెలవులకు మా మేనల్లుడు మళ్లీ వచ్చాడు. వచ్చీ రాగానే సంచిలోంచి ఒక సాక్సు తీసి బల్లమీద పెట్టాడు. దానికి రెండు నల్ల పూసలు కుట్టి ఉన్నాయి, వాళ్లమ్మ చేత కుట్టించుకున్నాడంట. “లైటు పెట్టు మామా” అన్నాడు. వాడికి నా స్టూడియో ఉంది, అందుకని అడగగలిగాడు. మీ బడుల్లోని పిల్లలు అడగడానికి ఒక లైటు, ఒక బల్ల, ఒక శనివారం మీరు ఇవ్వాలి.

ఇట్లు,
గుర్తింపు కార్డుల రోజున మీ పిల్లలను వరుసలో చూసే
మైదుకూరు ఫోటోగ్రాఫర్